ముహూర్తం నుంచి వెనక్కి: స్కాండినేవియాలో క్షేమం, సుస్థిరతల చదువు

స్వీడన్ దక్షిణ తీరంలో కార్ల్‌స్క్రోనా అనే ఊరుంది. 1680లో నౌకాదళం కోసం దీవుల మీద కట్టిన ఊరు. 1998 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. తెలుగు ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ పేరు కొత్త కాదు. అక్కడి బ్లెకింగె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకీ మన జేఎన్‌టీయూలకూ మధ్య కుదిరిన ఒప్పందాల వల్ల ఎంతోమంది మనవాళ్లు అక్కడికి వెళ్లి టెలికం, సాఫ్ట్‌వేర్ చదువుకున్నారు. అదే క్యాంపస్‌లో 2004లో ఇంకో కోర్సు మొదలైంది. ఊళ్లను, కంపెనీలను, సంస్థలను సుస్థిరత వైపు నడిపించడం ఎలాగో నేర్పే పది నెలల మాస్టర్స్ అది. మనవాళ్లలో దాని పేరు విన్నవాళ్లు తక్కువ.

ఆ కోర్సు మూలం ఒక క్యాన్సర్ డాక్టర్ ఆలోచనలో ఉంది. కార్ల్-హెన్రిక్ రోబేర్ 1980లలో స్టాక్‌హోం ప్రాంతంలో వైద్యుడు, పరిశోధకుడు. జబ్బుపడిన పిల్లల కోసం తల్లిదండ్రులు దేనికైనా సిద్ధపడటం ఆయన దగ్గరుండి చూశారు. ఆ పిల్లలే పీల్చే గాలి, తాగే నీళ్ల సంగతి వచ్చేసరికి సమాజం తెగని వాదనల్లో కూరుకుపోవడం కూడా చూశారు. వాదన ఉన్నచోట కాదు, ఎవరూ కాదనలేని చోట మొదలుపెడదామని, ప్రాణం నిలబడటానికి ఏమేం కావాలో ఒక ముసాయిదా రాసి తోటి శాస్త్రవేత్తలకు పంపారు. విమర్శ వచ్చిన ప్రతిసారీ దిద్దుతూ ఇరవైసార్లకు పైగా తిరగరాశారు. 1989లో ఆ చిన్న పుస్తకం ఒక క్యాసెట్‌తో కలిసి స్వీడన్‌లోని ప్రతి ఇంటికీ, ప్రతి బడికీ పోస్టులో వెళ్లింది. ‘ది నేచురల్ స్టెప్’ సంస్థ అలా పుట్టింది.

అందులోంచి తేలిన షరతులు నాలుగే. భూమి పొరల్లోంచి తవ్వితీసినవి ప్రకృతిలో పేరుకుంటూ పోకూడదు. మనిషి తయారుచేసిన రసాయనాలూ పేరుకోకూడదు. అడవిని, నేలను, నీటిని అవి కోలుకునే వేగం కంటే ఎక్కువగా అరగదీయకూడదు. మనుషులు తమ అవసరాలు తాము తీర్చుకోలేని పరిస్థితిలోకి ఏ వ్యవస్థా వాళ్లను నెట్టకూడదు. నాలుగో షరతు దగ్గర కాస్త ఆగాలి. మొదటి మూడూ పర్యావరణం, నాలుగోది మనిషి క్షేమం. మనకు వెల్‌నెస్ అంటే యోగా క్లాసు, స్పా, డైట్ చార్టు. సుస్థిరత అంటే చెట్లు నాటే కార్యక్రమం. రెండూ రెండు వేర్వేరు డిపార్ట్‌మెంట్లు. రోబేర్ లెక్కలో అవి ఒకే ప్రశ్నకు రెండు సగాలు.

ఈ షరతులను పని చేయించే పద్ధతి తెలుగు ఇంట్లో పెళ్లి చేసిన ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ముందు ముహూర్తం పెట్టుకుంటారు. ఆ రోజు నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ వస్తారు: శుభలేఖలు ఎప్పటికి అచ్చవ్వాలి, వంటవాళ్లకు అడ్వాన్సు ఎప్పుడివ్వాలి, బట్టలు ఎప్పుడు కొనాలి. ఇవాళ చేతిలో ఉన్నదాన్ని బట్టి ముహూర్తాన్ని జరుపుకుంటూ పోరు. ఊరు ఎలా ఉండాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి ఈ ఏడాది బడ్జెట్ దాకా వెనక్కి రావడం ఆ కోర్సు నేర్పే ముఖ్యమైన నైపుణ్యం. అక్కడి దేశాలు నిజంగా ఇలా నడిచాయా లేదా అన్నది వేరే ప్రశ్న. కొన్నిచోట్ల నడిచాయి, కొన్నిచోట్ల ముహూర్తమే తప్పిపోయింది. రెండూ చదువుకోవాల్సినవే.

స్కాండినేవియా పేరుతో బజారులో దొరికేది మాత్రం ఇది కాదు. డెన్మార్క్ వాళ్ల హ్యూగే అంటే కొవ్వొత్తి వెలుగు, ఉన్ని దుప్పటి, వేడి కాఫీ. స్వీడన్ వాళ్ల లాగొమ్ అంటే ఎక్కువా తక్కువా కాని సరిపడినంత. నార్వే వాళ్ల ఫ్రిలుఫ్ట్స్‌లివ్ అంటే ఆరుబయట బతుకు. ఈ మాటలు మంచివే, వాటి వెనక నిజమైన అలవాట్లున్నాయి. కానీ కొవ్వొత్తి కొనుక్కుంటే వచ్చే క్షేమం కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు. డెన్మార్క్‌లో మామూలు పని వారం 37 గంటలు. స్వీడన్‌లో బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు భత్యం ఉంటుంది, అందులో 90 రోజుల చొప్పున ఒకరిది ఇంకొకరికి బదిలీ కాదు. తండ్రికి కూడా ఆ హక్కు ఇచ్చిన మొదటి దేశం అది, 1974లో. సాయంత్రం కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చునే తీరిక ఈ చట్టాల నుంచి వచ్చింది. దాని ఖరీదు పన్నుల్లో కనిపిస్తుంది: డెన్మార్క్‌లో దేశ ఆదాయంలో 40 శాతానికి పైగా పన్నుల కిందే పోతుంది. అక్కడికి చదువుకోవడానికి వెళ్లేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఈ హాయికి బిల్లు ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టడం మొదలుపెట్టారు?

డెన్మార్క్‌లో దానికి ఒక తేదీ ఉంది. 1973లో చమురు సంక్షోభం వచ్చేనాటికి ఆ దేశం తన ఇంధనంలో దాదాపు 90 శాతం దిగుమతి చమురు మీదే నడిపేది. ఆ చలికాలం ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదన్నారు. ఖాళీ రోడ్ల మీద జనం సైకిళ్లు తొక్కారు. ఆ దశాబ్దంలోనే సైకిల్ దారుల కోసం కోపెన్‌హాగన్‌లో పెద్ద ఊరేగింపులు జరిగాయి. అంటే ఇప్పుడు ఫొటోల్లో కనిపించే సైకిళ్ల వరుస ఆ జాతి రక్తంలో ఉన్న గుణమేమీ కాదు. అడిగి, పోట్లాడి తెచ్చుకున్నది. ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ మధ్య ఒక మెట్టు ఎత్తులో సైకిల్ దారి. కొన్ని ముఖ్యమైన వీధుల్లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే వరసగా అన్ని సిగ్నళ్లూ పచ్చగా దొరుకుతాయి. 1990ల మధ్య నుంచి నగరపాలక సంస్థ రెండేళ్లకోసారి సైకిల్ లెక్కల పుస్తకం ప్రచురిస్తోంది. ఎంతమంది తొక్కుతున్నారు, ఎంతమందికి భయంగా ఉంది, ఎక్కడ దారి పాడైంది అన్నవన్నీ అందులో ఉంటాయి. సైకిల్ వల్ల ప్రజల ఆరోగ్యానికి కలిగే లాభాన్ని కూడా అక్కడ రూపాయి అణాల్లో లెక్కకడతారు. ఆస్పత్రి ఖర్చు భరించేదీ రోడ్డు వేసేదీ ప్రజల సొమ్మే కాబట్టి ఆ లెక్కకు అర్థం ఉంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. ఎండ నుంచి తప్పించే ఆ ఆలోచన మన వాతావరణానికి సరిగ్గా తగినది, కోపెన్‌హాగన్‌కు అవసరం లేనిది. అయితే కోపెన్‌హాగన్ దారులు ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు దాకా, బడి దాకా వెళతాయి. ఇలా రోజూ వెళ్లే పనికి సైకిల్‌ను ముడిపెట్టడం ట్రాక్ వేయడం కంటే చాలా కష్టమైన పని.

సైకిల్ కంటే పెద్ద మార్పు కంటికి కనపడదు, నేల కింద ఉంది. 1979లో డెన్మార్క్ ఇళ్ల వేడి సరఫరా మీద చట్టం చేసింది. కరెంటు తయారీలో, చెత్త కాల్చడంలో వృథాపోయే వేడితో నీళ్లు కాచి, గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపించే ఏర్పాటు దానితో విస్తరించింది. ఇప్పుడు మూడింట రెండు వంతుల ఇళ్లకు వేడి ఇలాగే వస్తుంది. ఎవరింట్లో వాళ్లు చమురు పొయ్యి పెట్టుకునే రోజులు పోయాయి, దానితోపాటే ఊళ్లో పొగా తగ్గింది.

సామ్సో దీవి కథ ఈ చదువుల్లో దాదాపు పాఠ్యాంశమైపోయింది. దాదాపు 4,000 మంది జనాభా, వ్యవసాయం చేసుకునే దీవి. 1997లో డెన్మార్క్ ప్రభుత్వం పెట్టిన పోటీలో, పూర్తిగా పునరుత్పాదక ఇంధనం మీద నడిచే దీవిగా మారేందుకు సామ్సో ఎంపికైంది. పదేళ్లలో నేల మీద 11, సముద్రంలో 10 గాలిమరలు నిలబెట్టారు. గడ్డి కాల్చి వేడి పుట్టించే కేంద్రాలు కట్టారు. ప్రభుత్వం డబ్బు సంచితో దిగలేదు. స్థానికులే వాటాలు కొన్నారు. ఈ పనికి ముందు నిలిచిన సోరెన్ హెర్మాన్సెన్ ఆ ఊరివాడే, రైతు బిడ్డ, బడిలో పాఠాలు చెప్పినవాడు. ఇంటింటికీ తిరిగి, సమావేశాల్లో కూర్చుని, ముందు ఎవరు ఒప్పుకుంటే మిగతావాళ్లు వింటారో తెలుసుకుని పని నడిపించాడు. గాలిమరలో తన వాటా ఉన్న రైతు దాని చప్పుడు గురించి ఫిర్యాదు చేయడు. ఎక్కడో ఉన్న కంపెనీ వచ్చి తన పొలం పక్కన నిలబెడితే చేస్తాడు. మెగావాట్ల లెక్క కంటే ఈ తేడాయే సామ్సో నేర్పే పాఠం.

ఇలా కలిసి సొంతం చేసుకునే అలవాటు వెనక మళ్లీ ఒక బడే ఉంది. 1844లో డెన్మార్క్‌లోని రోడింగ్ అనే ఊళ్లో మొదటి ‘ఫోక్ హైస్కూల్’, అంటే సామాన్య జనం కోసం పెట్టిన ఉన్నత పాఠశాల, తెరిచారు. దానికి స్ఫూర్తి మతాచార్యుడు, కవి గ్రుంట్‌విగ్. రైతుల పిల్లలకు పరీక్షలు లేని, మార్కులు లేని చదువు: కలిసి ఉండటం, పాడటం, వాదించడం, దేశ చరిత్ర తెలుసుకోవడం. అక్కడి నుంచి వచ్చిన తరాలే 1882 తర్వాత ఊరూరా సహకార డెయిరీలు పెట్టాయి. వందేళ్ల తర్వాత గాలిమరలకు అదే పద్ధతి వాడారు. ఆ పాఠశాలలు ఇప్పటికీ డెన్మార్క్‌లో డజన్ల సంఖ్యలో నడుస్తున్నాయి. హెల్సింగోర్‌లో 1921 నుంచి ఉన్న ఇంటర్నేషనల్ పీపుల్స్ కాలేజీలో ఇంగ్లిష్‌లో చదువు, ప్రపంచం నలుమూలల నుంచీ విద్యార్థులు. చివర్లో డిగ్రీ రాదు. డిగ్రీ రాని చదువుకు లక్షలు ఖర్చుపెట్టడం తెలుగు తల్లిదండ్రులకు మింగుడుపడని మాటే. కానీ క్షేమాన్ని జీవితంగా చూడాలనుకునేవారికి ఆ దేశాల్లో అంతకంటే అసలైన తరగతి గది దొరకడం కష్టం.

విశ్వవిద్యాలయాల్లోనూ ఆ నీడ కనిపిస్తుంది. డెన్మార్క్‌లోని రోస్కిల్డే 1972లో, ఆల్బోర్గ్ 1974లో మొదలైనప్పటి నుంచీ ప్రాజెక్టు చుట్టూ చదువు నడుపుతున్నాయి. నలుగురైదుగురు కలిసి బయటి ప్రపంచంలోని ఒక నిజమైన సమస్యను ఎంచుకుని నెలల తరబడి దాని మీదే పనిచేస్తారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ అధ్యయన, సుస్థిరత శాస్త్ర మాస్టర్స్ 1997 నుంచి ఉంది. స్టాక్‌హోంలో 2007లో పుట్టిన రెజిలియన్స్ సెంటర్ రెండేళ్లకే, భూమి తట్టుకోగల తొమ్మిది హద్దుల సిద్ధాంతంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఉప్సాలాలో అయితే పర్యావరణం, అభివృద్ధి మీద కోర్సులు విద్యార్థులే అడిగి పెట్టించుకున్నారు, వాటిని నడిపేదీ చాలామేరకు విద్యార్థులే.

ర్యాంకుల పోటీలో పెరిగిన పిల్లలకు ఇక్కడ మొదటి నెలలు అయోమయంగా ఉంటాయి. ప్రొఫెసర్‌ను పేరుపెట్టి పిలవాలి. స్వీడన్‌లో 1960ల చివర్లో ‘నువ్వు’ సంస్కరణ అని ఒకటి వచ్చింది. 1967లో ఆరోగ్య శాఖ అధిపతి బ్రోర్ రెక్సెడ్ సిబ్బందినందరినీ ‘నువ్వు’ అనే పిలుస్తానని ప్రకటించడం దానికి గుర్తుగా మిగిలింది. ‘మీరు’ అనడమే మర్యాద అని పెరిగిన నోటికి అది అంత సులువుగా రాదు. అయితే ఈ పిలుపుకూ తరగతిలో జరిగేదానికీ సంబంధం ఉంది. పాఠం చెప్పేవాళ్ల లెక్క తప్పని అనిపిస్తే అక్కడికక్కడే అనాలి. అనకుండా కూర్చుంటే దాన్ని వినయం అనుకోరు, ఆసక్తి లేదనుకుంటారు.

చదువులో సగం హాస్టల్లోనే అవుతుంది. స్వీడన్‌లో అపార్ట్‌మెంటు అంతటికీ కలిపి ఒక బట్టలుతికే గది ఉంటుంది, త్వెట్‌స్తూగా అంటారు. గోడ మీద పట్టికలోనో ఫోన్‌లోనో సమయం బుక్ చేసుకుని, ఆ గంటల్లో ఉతుక్కుని, తర్వాత వచ్చేవాళ్ల కోసం శుభ్రం చేసి వెళ్లాలి. డబ్బున్న కుటుంబాలు కూడా ఇలా ఒకే మెషీన్ పంచుకుంటాయి. సుస్థిరత గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా, పంచుకోవడంలో ఉన్న చిరాకు, సర్దుబాటు, నమ్మకం ఆ గదిలో అర్థమైనట్టు తరగతిలో అర్థం కావు. సూపర్ మార్కెట్ గుమ్మంలో ఖాళీ డబ్బాలు, సీసాలు మింగి డబ్బు చీటీ ఇచ్చే యంత్రం ఇంకో పాఠం. డబ్బాల మీద ఈ డిపాజిట్ పద్ధతి స్వీడన్‌లో 1984 నుంచి ఉంది. మన ఊళ్లలో ఒకప్పుడు కూల్‌డ్రింక్ తాగి సీసా ఇస్తేనే డిపాజిట్ డబ్బులు తిరిగొచ్చేవి. ఆ పద్ధతిని మనం ప్లాస్టిక్ సీసాతో వదిలేశాం. వాళ్లు ప్లాస్టిక్ సీసాకూ చట్టంతో అదే పద్ధతిని అంటగట్టారు.

ఆరోగ్యానికీ ప్రకృతికీ ఉన్న లంకె మీద అక్కడ గట్టి పరిశోధన జరుగుతోంది. శస్త్రచికిత్స తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించే రోగులు ఇటుక గోడ కనిపించేవాళ్ల కంటే త్వరగా కోలుకున్నారని 1984లో చూపించిన రోజర్ ఉల్రిచ్ అమెరికావాడు. తర్వాత ఆయన గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో ఆస్పత్రుల నిర్మాణం మీద పనిచేశారు. స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆల్నార్ప్‌లో ఒక చికిత్సా ఉద్యానవనం ఉంది. పని ఒత్తిడితో కుంగిపోయినవాళ్లు అక్కడ మొక్కల మధ్య కోలుకుంటారు, పరిశోధకులు ఆ మార్పును నమోదు చేస్తారు. అయితే చెట్టు కింద కూర్చునే హక్కు అందరికీ ఉండాలి కదా. నార్వే 1957లో దాన్ని చట్టం చేసింది. సాగుచేయని నేల ఎవరిదైనా సరే, అందులో నడవచ్చు, పళ్లు కోసుకోవచ్చు, దగ్గరి ఇంటికి కనీసం 150 మీటర్ల దూరంలో రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు. స్వీడన్‌లో ఇదే హక్కుకు 1994లో రాజ్యాంగంలో చోటిచ్చారు. ఫ్రిలుఫ్ట్స్‌లివ్ కింద ఉన్న పునాది ఇదే. మన దగ్గర చెరువు గట్టు మీద నడవడానికి ఎన్ని చోట్ల ప్రహరీ గోడలు అడ్డొస్తాయో తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది.

ఇంత మంచి చెప్పాక రెండో వైపు చెప్పకపోతే ఆ చదువుకే అన్యాయం. సుస్థిర అభివృద్ధి అన్న మాటను 1987 ఐక్యరాజ్యసమితి నివేదికతో ప్రపంచానికి అలవాటు చేసిన గ్రో హార్లెమ్ బ్రున్‌ట్లాండ్ అప్పటి నార్వే ప్రధాని. అదే నార్వే 1969లో ఉత్తర సముద్రంలో పెద్ద చమురు నిక్షేపం కనుగొంది, ఆ తర్వాత దశాబ్దాలుగా చమురు, గ్యాసు అమ్ముతూనే ఉంది. ఇప్పుడు అక్కడ కొత్తగా అమ్ముడయ్యే కార్లలో అత్యధికం కరెంటువి. వాటికి రాయితీలిచ్చే స్తోమత ఆ దేశానికి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. కోపెన్‌హాగన్ 2025 కల్లా కర్బన తటస్థ నగరం అవుతానని ముహూర్తం పెట్టుకుంది. చెత్త కాల్చే కేంద్రంలో పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి నిల్వచేసే ప్రాజెక్టుకు డబ్బు రాక 2022లో ఆ లక్ష్యాన్ని వదులుకుంది. ఆ కేంద్రం పైకప్పు మీద మంచుజారుడు మైదానం కట్టి ప్రపంచమంతటికీ చూపించారు. పొయ్యి నిండటానికి కొంత చెత్తను బయటి దేశాల నుంచి తెప్పించుకున్న సంగతి అంత ప్రచారం పొందలేదు. ప్రపంచమంతా డెన్మార్క్ వాళ్లలాగా ఖర్చుచేస్తే భూమి ఏడాదికి ఇవ్వగలిగింది మార్చిలోనే అయిపోతుందని లెక్క.

అన్నిటికంటే బాధ కలిగించేది ఫోసెన్ సంగతి. నార్వే మధ్యభాగంలోని ఆ ద్వీపకల్పంలో సామీ ఆదివాసులు రెయిన్‌డీర్ మందలను చలికాలంలో మేపుకునే కొండల మీద గాలిమరలు కట్టారు. 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు అది సామీల సాంస్కృతిక హక్కులను ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. గాలిమరలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల తలుపుల ముందు బైఠాయించింది. పచ్చదనం పేరుతో చేసిన పని కూడా రోబేర్ నాలుగో షరతును తుంగలో తొక్కగలదు. సామ్సోలో గాలిమర రైతు వాటా, ఫోసెన్‌లో గాలిమర మందకాపరి గోడు. పోలవరం ముంపు గ్రామాల కోయ, కొండరెడ్ల సంగతి తెలిసిన తెలుగు విద్యార్థి ఈ అధ్యాయాన్ని మిగతావాళ్లకంటే లోతుగా చదవగలడు.

సంతోషం ర్యాంకుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2025 ప్రపంచ సంతోష నివేదికలో ఫిన్లాండ్ తర్వాత డెన్మార్క్‌ది రెండో స్థానం, స్వీడన్‌ది నాలుగు, నార్వేది ఏడు. అక్కడ అడిగే ప్రశ్న నవ్వుల గురించి కాదు. సున్నా నుంచి పది మెట్ల నిచ్చెనలో మీ జీవితం ఏ మెట్టు మీదుందని అడుగుతారు. కింద పడితే పట్టుకునేవాళ్లున్నారన్న ధీమా ఉన్నచోట జనం పైమెట్టు చెబుతారు. ఆ ధీమా బయటి నుంచి వచ్చిన విద్యార్థికి వెంటనే దక్కదు. డిసెంబరులో స్టాక్‌హోంలో పగలు ఆరు గంటలే. ఇరుగుపొరుగు పలకరింపులు తక్కువ. ముదురు రంగు చర్మానికి ఆ వెలుతురులో విటమిన్ డి సరిపోదు కాబట్టి డాక్టర్ సలహాతో ముందే జాగ్రత్తపడాలి. ఏదో ఒక సంఘంలోనో, గాయక బృందంలోనో, ఆటల క్లబ్బులోనో చేరాలి. అక్కడ స్నేహం కాఫీ కొట్టు దగ్గర కంటే ఇలాంటి చోట్లే మొదలవుతుంది.

డబ్బు సంగతి సూటిగా ఉంటుంది. యూరప్ బయటివారికి డెన్మార్క్ 2006 నుంచి, స్వీడన్ 2011 నుంచి, నార్వే 2023 నుంచి ఫీజులు వసూలు చేస్తున్నాయి. ఉచిత చదువని ఇప్పటికీ చెప్పే ఏజెంట్లను నమ్మకూడదు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ దొరికితే భారం తగ్గుతుంది. పీహెచ్‌డీకి ఫీజు ఉండదు, అది జీతమిచ్చే ఉద్యోగం.

వెళ్లేవాళ్లు ఒక హక్కును తప్పకుండా వాడుకోవాలి. స్వీడన్ 1766లోనే ప్రభుత్వ కాగితాలు ఎవరైనా చూడవచ్చని చట్టం చేసింది. వేడినీటి గొట్టాలకు ఏ ఏడాది ఎంత అప్పు చేశారు, ఏ వార్డు సభ్యుడు వద్దన్నాడు, సైకిల్ దారి కోసం ఏ వీధిలో పార్కింగ్ తీసేశారు, అన్నీ మున్సిపాలిటీ దస్తావేజుల్లో ఉంటాయి. అడిగినవాళ్లు ఎవరు, ఎందుకు అడుగుతున్నారు అని అధికారి ఆరా తీయకూడదు. విదేశీ విద్యార్థికీ ఇదే వర్తిస్తుంది. కోర్సులు ఇంగ్లిష్‌లో ఉన్నా ఆ కాగితాలు మాత్రం స్వీడిష్‌లో ఉంటాయి. అందుకే మొదటి సెమిస్టర్ నుంచే భాష నేర్చుకోవడం మంచిది.